ఒక చెవి ఇంటికి

“రెండు చెవులూ మూసుకోకు, అంతే. ఒకటి ఇంటికి ఉంచు.”

మా ఆయన అన్న మాట. అరిచి అనలేదు. అరిచి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని, రెండు రోజులు మూతి ముడుచుకుని తర్వాత మామూలైపోయేవాళ్లం. వాళ్లమ్మ మణికట్టుకి కట్టు కట్టించి తీసుకొచ్చి, ఆవిణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, తన బూట్లు విప్పి పక్కన పెట్టి, చాలా నెమ్మదిగా అన్నాడు. మా అత్తగారు స్నానాలగదిలో కాలు జారి పడి పిలుస్తుంటే, నేను వంటింట్లో రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు దోపుకుని, ఒక వయొలిన్ ముక్కలో దాక్కున్నది పికిలి పిట్టో గోరింకో తేలక తల బద్దలు కొట్టుకుంటున్నాను. పదకొండు సార్లు పిలిచానని ఆవిడ చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఇంక ఏ మొహం పెట్టుకుని వాదించను? ఆ రోజు నుంచి ఎడమ చెవి ఇంటిది, కుడి చెవి నాది. ఆ పంపకం జరిగి ఆరేళ్లయింది.

ఎడమ చెవికి చేతినిండా పని ఉండేది. వాషింగ్ మెషీన్ ఆగిందా, పాలు పొంగబోయే ముందు వచ్చే ఆ చిన్న చప్పుడు వచ్చిందా, అత్తగారి గదిలో మంచం కిర్రుమందా, మా అమ్మాయి ‘అమ్మా, నా నల్ల సాక్సు’ అందా, పైన ట్యాంకు నిండిందా. ఇంట్లో మిగతా ముగ్గురికీ కలిపి ఆరు చెవులున్నాయి. ట్యాంకు పొర్లి మెట్ల మీదికి నీళ్లొచ్చినా ఆ ఆరింటికీ వినిపించేది కాదు. మా ఆయన మ్యాచ్ చూసేటప్పుడు పెట్టుకునే హెడ్‌ఫోన్లు ఒక్కోటి కొబ్బరి చిప్పంత ఉంటాయి. పిలిస్తే ఒకవైపు ఎత్తి ‘ఊఁ?’ అని, చెప్పేది పూర్తికాకుండానే దించేస్తాడు. దాన్ని ఎవరూ చెవులు మూసుకోవడం అనలేదు. పాపం అలసిపోయి కూర్చున్నాడు అనేవారు.

ఉద్యోగంలోనూ ఇదే వరస. పళ్ల ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ల బల్ల నాది. వాళ్లిచ్చిన హెడ్‌సెట్‌కి చెవి ఒక్కటే. కుడి చెవిలో రోగి ‘ప్రాణం పోతోందండీ, ఈరోజే కావాలి’ అంటుంటే, ఎడమ వైపు నుంచి డాక్టరుగారు ‘ఆయన్ని శుక్రవారానికి తొయ్యి’ అనేవారు. ‘గొంతులో నవ్వు వినపడాలమ్మా’ అని మేనేజరు వారానికోసారి గుర్తుచేసేది. బల్ల ముందుకొచ్చి నిలబడి, నా నెత్తి మీదుగా లోపలికి చూస్తూ, ‘ఎవరైనా ఉన్నారా?’ అని అడిగేవాళ్లు రోజుకి ఇద్దరైనా తగిలేవారు. నేను నవ్వు వినపడేలా ‘చెప్పండి’ అనేదాన్ని.

ఇలాంటి నాకు ఒక్కచోట మాత్రం పరపతి ఉండేది. ఆదివారం పొద్దున పదింటికి, ఫోన్‌లో.

వేరే ఊళ్లో ఉండే ఒక వయొలిన్ టీచర్ మొదలుపెట్టిన గుంపు అది. అరవై దాటినావిడ, ఎప్పుడూ కలుసుకోలేదు. పక్షుల కూతలు విని కట్టిన రచనలు పాతకాలపు శాస్త్రీయ సంగీతంలో బోలెడున్నాయి. వాటిలోంచి పది పన్నెండు సెకన్ల ముక్క తను వాయించి పంపేది. అందులో ఏ పిట్ట ఉందో, ఎక్కడ దాక్కుందో మేం చెప్పాలి. కోకిలైతే సులువు, రెండే మెట్లు. వడ్రంగి పిట్టకి స్వరం ఉండదు, దరువే. పికిలి పిట్ట నవ్వబోయి ఆగినట్టుంటుంది. గుంపులో ఆరుగురం ఉన్నా గట్టిగా పోటీపడేది నేనూ, సిటీ బస్సు నడిపే ఒకాయనా. నేను నాలుగో సెకనుకే చెప్పేసేదాన్ని. ఆయన నాకు ‘చెవిగారు’ అని పేరు పెట్టాడు. ‘చెవిగారు ఏమంటారో చూసి నేనూ అదే అంటా’ అనేవాడు.

చిన్నప్పుడు తొమ్మిదేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను మరి. పెళ్లయ్యాక వాయించొద్దని ఒక్కరూ అనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పొద్దున్నే వద్దన్నారు, అందరూ హడావిడిలో ఉంటారని. మధ్యాహ్నం వద్దన్నారు, అత్తగారు కునుకు తీస్తుందని. సాయంత్రం వద్దన్నారు, వార్తలొస్తాయని. పాప పుట్టాక నిద్రలేస్తుందన్నారు. వాయించమనే అన్నారు అందరూ, ఆ వేళేదో ఇంతవరకూ రాలేదు. చేతులు మరిచిపోయాయి గానీ చెవి మరిచిపోలేదు. ఇంట్లో కర్టెన్ల రంగు దగ్గర్నుంచి మా అమ్మాయి చదువు దాకా నన్ను అడక్కుండానే తేలిపోతాయి. అక్కడ మాత్రం నేను అన్నదే తీర్పు. ఆ మత్తు నాకు బాగానే ఎక్కింది. ఓసారి టీచర్ ‘నువ్వెలా వింటావమ్మా?’ అని అడిగితే, నాకు కిటికీ ఉన్న గది ఒకటుందనీ, తలుపేసుకుని కళ్లు మూసుకుని వింటాననీ రాశాను. అది రాసేటప్పటికి నా చేతులకి గిన్నెల సబ్బు ఉంది.

పోయిన ఏడాది ఓ ఆదివారం టీచర్ పంపింది పాత రచన కాదు. తనే కట్టింది. ‘ఏ పిట్ట అని అడగను. ఎన్ని పిట్టలో చెప్పండి’ అని రాసింది. నేను దుప్పట్లు మడతపెడుతున్నాను. కుడి చెవిలో విన్నాను. మొదట కాసేపు ఏమీ లేదు. తర్వాత కింది తీగ మీద ఒక కూత. ఆగింది. మళ్లీ కూసింది. ఆగింది. ఒకటే పిట్ట, ఇంతకంటే సులువైంది ఆవిడ ఎప్పుడూ పంపలేదు.

నేను టైప్ చేసేలోపే డ్రైవరు ‘రెండేమో’ అని పెట్టాడు.

‘మీ బస్సు హారన్ని కూడా కలిపేశారా?’ అని పెట్టాను. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. ఆయన కూడా పెట్టాడు. ‘చెవిగారు అన్నాక అప్పీలేముంది’ అని తన జవాబు తీసేసుకున్నాడు.

పది నిమిషాలకి టీచర్ నాకు విడిగా రాసింది. అప్పటిదాకా ఎప్పుడూ అలా రాయలేదు. ‘ఒక్కటి అడుగుతాను, మొహమాటపడకుండా చెప్పు. నాకు చెవులు పోతున్నాయి. పై స్వరాలు ముందు పోతాయన్నాడు డాక్టరు. నేను పంపిన దాంట్లో రెండో పిట్ట ఉంది, పై తీగ మీద. వేళ్లు సరైన చోటే పడ్డాయని వేళ్లకి తెలుసు. అది పలికిందో, కమాను ఊరికే తీగని రాసుకుందో నాకు తెలియట్లేదు. వచ్చే నెల మా సంగీతం బడిలో కచేరీ ఉంది. అందులో ఇది వాయించి ఆపేద్దామని నా ఆశ. నీ చెవి మీద నాకు గురి. ఇంకోసారి విని చెప్పు.’

ఇంకోసారి విన్నాను. అదీ దుప్పటి అంచులు కలుపుతూనే. మధ్యలో అత్తగారు ‘వేణ్ణీళ్లు కాగాయా?’ అంటే ‘ఆఁ, తెస్తున్నా’ అన్నాను. మా ఆయన ‘ఈ చొక్కా బొత్తాం ఏమైంది?’ అంటే ‘డబ్బాలో ఉంది, కుడతాను’ అన్నాను. అందరికీ జవాబు చెబుతూనే విన్నాను. అనుమానమన్నదే రాలేదు. ఆవిడ మనసు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలా అని మాత్రం ఆలోచించాను. ‘లేదు టీచర్. ఒకటే వినిపిస్తోంది. పిలుస్తుంది, ఆగుతుంది, జవాబు రాదు. నిజానికి అలాగే బాగుంది’ అని రాశాను. ఆ చివరి మాట ఎందుకు రాశానో ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. నన్ను ఎవరూ అడగని సంగతి అది. తీర్పు చెప్పడం అలవాటైపోయి, దానికో అలంకారం కూడా తగిలించాను.

‘సరే. నువ్వన్నావంటే అంతే’ అని వచ్చింది.

నేను వేణ్ణీళ్లు తీసుకెళ్లాను.

కచేరీలో ఆవిడ వాయించలేదు. వయొలిన్ ఓ శిష్యురాలికి ఇచ్చేశాననీ, ఇక పజిల్స్ పంపలేననీ గుంపులో రెండు లైన్లు పెట్టింది. ‘పలికిందో లేదో తెలియని స్థితికి వచ్చాక ముట్టుకోకూడదు’ అంది. మేమంతా పూల బొమ్మలూ దండాల బొమ్మలూ పెట్టాం. అందరికంటే పెద్ద మెసేజ్ నాదే. తర్వాత ఆదివారాలు పదింటికి నాకు కాలూ చెయ్యీ ఆడేది కాదు. ఇల్లు మాత్రం నేను బాగుపడ్డాననుకుంది. ‘ఈమధ్య పిలిస్తే పలుకుతోంది’ అని అత్తగారు ఫోన్‌లో ఎవరికో చెబుతుంటే విన్నాను.

మూడు నెలలకి ఆసుపత్రిలో నా హెడ్‌సెట్ పాడైపోతే కొత్తది ఇచ్చారు. దీనికి రెండు చెవులున్నాయి. భోజనాల వేళ బల్ల దగ్గర ఎవరూ లేరు. టీచర్ గుర్తొచ్చి, ఆ ఆఖరి ముక్క ఓసారి విందామనిపించి, హెడ్‌సెట్ తీగని ఫోన్‌కి తగిలించాను.

ఏమీ లేదనుకున్న ఆ మొదటి కాసేపట్లో, ఎడమ చెవిలో ఒక పిట్ట కూసింది. సన్నగా, చాలా పైనుంచి, వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాకుండా. ఎవరి ఫోనో మోగిందనుకుని హెడ్‌సెట్ తీసి చూశాను. ఎవరూ లేరు. మళ్లీ పెట్టుకున్నాను. ఎడమ పిట్ట పిలిచింది, కుడి పిట్ట పలికింది. అది వదిలిన చోట ఇది అందుకుంటోంది. టీచర్ రెండింటినీ విడివిడిగా వాయించి ఒక్కో చెవికి ఒక్కోటి పెట్టించింది. జవాబు రాని పిలుపని నేను చెప్పింది పిలుపే కాదు, అది జవాబు. పిలిచింది వేరే పిట్ట. అది నేను ఇంటికిచ్చేసిన చెవిలో ఉంది.

అంతకుముందు పజిల్స్ అన్నీ ఫోన్‌లో రికార్డు చేసినవి కాబట్టి రెండు వైపులా ఒకేలా వచ్చేవి. ఒక చెవితో విన్నా తేడా పడేది కాదు. అందుకే అన్నేళ్లు గెలిచాను. ఒక మనిషి తన చేతిలో మిగిలిన ఆఖరి దాన్ని నా ముందు పెట్టి అడిగిన రోజున, సగం విని మొత్తానికి తీర్పిచ్చాను. డ్రైవరు సరిగ్గానే విన్నాడు. ఆయన నోరు నేనే మూయించాను, అదీ నవ్వుతూ. ఇంట్లో నాకు రోజూ జరిగేదే అక్కడ నేను ఆయనకు చేశాను. కచేరీ రోజున టీచర్ ఏ వరసలో కూర్చుని ఉంటుంది? వయొలిన్ ఇచ్చేసే ముందు తీగలు వదులు చేసి ఉంటుందా? ఆ పెట్టె మూసేటప్పుడు నా మాటే కదా ఆవిడ మనసులో ఉండేది. నాకు ఏడుపొచ్చింది. బల్ల కిందికి వంగి, పెన్ను వెతుకుతున్నట్టు ఏడ్చాను.

“ఎవరైనా ఉన్నారా?” అని పైనుంచి ఎవరో అడిగారు. లేరండీ అనబోయి ఊరుకున్నాను.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. నిజం రాయాలంటే ఆ గదీ కిటికీ కూడా అబద్ధమని రాయాలి. ఆ తర్వాతి పొద్దున మా ఆయన బూట్లు తొడుక్కుంటుంటే మొత్తం చెప్పాను.

“ఓ పిట్ట కూతకి ఇంత రాద్ధాంతమా?” అన్నాడు. “సారీ అని ఓ మెసేజ్ పడెయ్, అయిపోతుంది.”

“ఒక చెవితో విన్నాను కాబట్టే ఇలా అయింది.”

“మరి రెండూ పెట్టుకోవాల్సింది.”

“ఒకటి ఇంటికి ఉంచమన్నారుగా.”

“నేనా? ఎప్పుడు?”

నిజంగానే గుర్తులేదు ఆయనకి. లేసు కట్టుకోవడం ఆపి కాసేపు ఆలోచించాడు కూడా. “అన్నానేమోలే, అమ్మ పడ్డ కంగార్లో. నువ్వు దాన్ని ఇన్నేళ్లు పట్టుకుని కూర్చుంటావని నాకేం తెలుసు?”

ఆయన వెళ్లిపోయాక గుమ్మంలోనే నిలబడ్డాను. కోపం వచ్చింది, రాకేం, కానీ అందులో సగమే ఆయన మీదికి వెళ్లింది. ఆయన ఒక్కసారే అన్నాడు. ఆ తర్వాత ఆరేళ్లపాటు, ఇయర్‌ఫోన్లు తీసిన ప్రతిసారీ, ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను. అత్తగారి మణికట్టు రెండు నెలల్లో మానిపోయింది. నాకు రాని సీసా మూతలు ఇప్పుడు ఆవిడే తిప్పి ఇస్తుంది. అయినా ‘ఇంక చాల్లే, నీ చెవి నువ్వు తీసుకో’ అని ఎవరూ అనలేదు. ఎవరో ఒకరు అంటారని ఎదురుచూశానా నేను? చూసే ఉంటాను. మంచి కోడలు అనిపించుకోవడానికి నా చెవిని నేనే తాకట్టు పెట్టి, ఆ తాకట్టుకి ఇంకో ఆడమనిషిని బలిచేశాను. ఇది ఒప్పుకోవడం టీచర్‌కి రాయడం కంటే కష్టమైంది.

ఆ సాయంత్రం రాశాను. గది లేదనీ, కిటికీ లేదనీ, దుప్పట్లూ వేణ్ణీళ్లూ బొత్తామూ, అన్నీ. ‘రెండో పిట్ట ఉంది టీచర్. ఒక్క స్వరం కూడా తప్పలేదు. మీరు సరిగ్గానే వాయించారు. నేను సరిగ్గా వినలేదు.’ డ్రైవరుకి విడిగా క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన ‘పోనీలెండి చెవిగారూ, విన్నది విన్నానని నేనూ గట్టిగా నిలబడాల్సింది’ అన్నాడు. టీచర్ చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. ఆ రాత్రీ రాలేదు, మర్నాడూ రాలేదు. ఫోన్ చేతిలోంచి దించితే ఒట్టు.

ఎట్టకేలకు వచ్చింది. ‘నా చెవిని అనుమానించాను. నా చేతిని అనుమానించాను. నిన్ను అనుమానించాలని తోచలేదు. నాకు కోపంగా ఉంది, లేదని అబద్ధం చెప్పను. ఇప్పుడు రెండు చెవులూ పూర్తిగా పోయినట్టే. ఆ ముక్క ఇంక నేను వినలేను. వచ్చే ఆదివారం పదింటికి వీడియోలో కనిపించు. పై తీగ పిట్టని నువ్వు వాయించు. శబ్దం నాకు రాదు గానీ వేళ్లు కనిపిస్తాయి. తప్పు పోతే తెలుస్తుంది.’

నా వయొలిన్ బీరువా పైన పాత సూట్‌కేసుల వెనక ఉంది. రెండు తీగలు తెగి ముడుచుకుపోయాయి, కమాను వెంట్రుకలు సగం ఊడిపోయాయి. బాగుచేయించి తెచ్చాను. ఇంట్లో కాదు, ఆసుపత్రిలో సామాన్ల గదిలో, భోజనాల వేళ, దూది పెట్టెల మధ్య నిలబడి నాలుగు రోజులు సాధన చేశాను. మొదటి రోజు వచ్చిన శబ్దానికి మేనేజరు పరిగెత్తుకొచ్చి, పన్ను తొలిచే మిషన్ పాడైందా అని అడిగింది. నేనేనని చెప్పాను. నన్ను ఎగాదిగా చూసి, ‘తలుపేసుకో’ అని వెళ్లిపోయింది. మూడో రోజుకి వేళ్ల కొనలు బొబ్బలెక్కాయి. గొంతులో నవ్వు లేకుండానే ఫోన్లు ఎత్తాను. ఎవరూ గమనించలేదు.

ఆదివారం పదింటికి మా అమ్మాయి గది అడిగాను. ‘ఎంతసేపు?’ అని, పుస్తకాలు తీసుకుని హాల్లోకి వెళ్లింది. “గంటసేపు నన్నెవరూ పిలవకండి,” అన్నాను.

“మరి వేణ్ణీళ్లు?” అంది అత్తగారు.

“మీ అబ్బాయి ఉన్నారుగా.”

“ఎంత వేడి కావాలో నాకేం తెలుసు?” అన్నాడు మా ఆయన.

“పక్కనే ఉన్నారు, ఆవిణ్నే అడగండి,” అని గడియ పెట్టుకున్నాను.

తెరమీద టీచర్ కనిపించింది. నేను అనుకున్నదానికంటే చిన్న మనిషి. పలకరింపులేం లేవు. కానివ్వమన్నట్టు చెయ్యి ఊపింది. నేను ఫోన్‌ని నా ఎడమ చేతికి ఎదురుగా నిలబెట్టి, పై తీగ మీద మొదలుపెట్టాను. రెండో కూతలో వేలు తడబడింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఊపింది. మూడోసారి కుదిరింది. కుదిరిందని నా చెవికి తెలిసింది, ఆవిడ కళ్లకి తెలిసింది. పిలుపు అయిపోయి నేను ఆగాను.

టీచర్ ఎడమ చెయ్యి పైకి లేచింది. అందులో వయొలిన్ లేదు. ఉన్నట్టే పట్టుకుని, గడ్డం కాస్త పక్కకి వంచి, నాలుగు వేళ్లూ ఒకదాని వెంట ఒకటి గాలిలో దించుతూ, కింది తీగ జవాబు వాయించడం మొదలుపెట్టింది.

తలుపు మీద ఎవరో కొట్టారు. నన్ను పేరు పెట్టి పిలిచారు. మళ్లీ కొట్టారు.

ఆ వేళ్ల నుంచి శబ్దం రాదు. వచ్చిన రోజున రాలేదన్నాను, ఇంక ఎప్పటికీ రాదు. కమాను దించకుండా, ఆవిడ వేళ్లు ఆగేదాకా కాచుకుని, మళ్లీ పిలిచాను.